వల్సిన్ కొట్టిన ఒకే ఒక్క పిట్ట

వల్సిన్ మెనార్ చేతికి తుపాకీ అబ్బలేదు. లూసియానాలో గేడాన్ దిగువన, వైట్ లేక్ చుట్టూ ఉన్న చిత్తడిలో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. తండ్రి గురికాడు, తాత గురికాడు. చిన్నాన్న తెయోజెన్ ఎనభై దాటినా ఇప్పటికీ కూర్చున్న చోటినుంచే జోడు బాతుల్ని దింపుతాడు. ఆ ఇంట పుట్టిన వల్సిన్ మాత్రం ఆకాశానికి చిల్లులు పొడవడం తప్ప ఏమీ ఎరగడు. ఒకసారి మంచు పట్టిన పొద్దున, నీళ్ళ మీద ఎరగా వదిలిన సొంత కొయ్యబాతునే కాల్చాడు. రొమ్ములో సీసం గుళ్ళతో సహా ఆ కొయ్యబాతు వేట ఇంటి గోడకి వేలాడుతూ ఉంది. దానికి మేకు కొట్టింది తెయోజెన్ కనుక దించే ధైర్యం ఎవరికీ లేదు.

అయినా వల్సిన్‌ని చూసి ఎవరూ నవ్వేవారు కాదు. ఎందుకంటే గరిటె అతని చేతిలో ఉండేది. నవంబరులో వేట మొదలయ్యే రోజున మెనార్ వాళ్ళ వేట ఇంట్లో బాతుల గంబో, అంటే అన్నం మీద పోసుకునే చిక్కటి మాంసం పులుసు, వండే హక్కు అతనిది. పందికొవ్వులో పిండి పోసి, చెయ్యి ఆపకుండా తిప్పుతూ, ముదురు చాక్లెట్ రంగు వచ్చేదాకా వేయించే ఆ ముద్దని వాళ్ళు రూ అంటారు. రూ దగ్గర నిలబడ్డప్పుడు వల్సిన్ మనిషే మారిపోయేవాడు. శీతాకాలం తోలు కోసం నీటి ఎలుకలకి బోనులు పెట్టుకుని, వేసవిలో వరి మళ్ళకి నీళ్ళు తోడే ఇంజన్ల దగ్గర కాపలా కాసి, మధ్యలో ఇతరుల పడవలకి కీలు పూసి బతికే మనిషి అతను. ఏడాదిలో ఆ ఒక్క రోజు మాత్రం ఉల్లిపాయలు తరగమని ఒకరిని, కట్టెలు తెమ్మని ఇంకొకరిని అదిలించేవాడు. గురికాళ్ళందరూ కిక్కురుమనకుండా చెప్పింది చేసేవారు.

ఆ గరిటె అతనికెలా వచ్చిందో చెప్పమంటే చాలు, ముప్పయ్యేళ్ళ నాటి సంగతి మొదలుపెడతాడు. పెళ్ళయిన కొత్త. తెయోజెన్‌కి చెయ్యి బెణికి, ఈసారికి నువ్వు వండరా అన్నాడట. వల్సిన్ వండాడట. పెళ్ళికూతురు జుల్మే, పుట్టింట్లో పిచ్చుకలా ఏరుకు తినే పిల్ల, ఆ గంబో మూడు పళ్ళేలు తిన్నదట. అది చూసి తెయోజెన్ గరిటె ఇక నీదే అన్నాడట. ఈ కథ వినని వాడు గేడాన్‌లో లేడు. జుల్మే పక్కనే ఉంటే ఏమీ అనకుండా అల్లిక పని చేసుకుంటూ ఉండేది.

ఇలా సాగిపోతున్న సంసారంలోకి లెజీమ్ వచ్చాడు. వల్సిన్ చెల్లెలు ఓజిత్ మొగుడు పోయి చాలా ఏళ్ళు ఒంటరిగా ఉండి, ఆ వసంతంలో మళ్ళీ పెళ్ళి చేసుకుంది. లెజీమ్ ఎగువన మామూ అనే ఊరి వైపు మనిషి, మెరక ప్రాంతం వాడు. మెల్లగా మాట్లాడతాడు, పెద్దవాళ్ళ ముందు టోపీ తీస్తాడు. మొదట్లో వల్సిన్‌కి అతని మీద కోపం లేదు. ఓజిత్ ఇంట్లో ఓ ఆదివారం లెజీమ్ కోడి గంబో వండి అందరినీ భోజనానికి పిలిచేదాకా లేదు.

ఆ రోజు తెయోజెన్ పళ్ళెం రొట్టెముక్కతో తుడుచుకుని మరీ తిన్నాడు. అదైనా వల్సిన్ దిగమింగాడు. జుల్మే మాత్రం చేతులు తుడుచుకుంటూ లెజీమ్ దగ్గరికెళ్ళి, రూ ఇంత నున్నగా ఎలా వచ్చింది అన్నయ్యా, పిండి ముందు వేస్తారా, కొవ్వు ముందు వేస్తారా అని అడిగింది. ముప్పయ్యేళ్ళ కాపురంలో తనని ఒక్కసారైనా ఆ మాట అడగలేదు. వల్సిన్ కడుపులో నిప్పురవ్వ పడింది అక్కడే.

పడిన రవ్వ ఊరుకుంటుందా? లెజీమ్ ఓజిత్ ఇంటి గుమ్మం బాగుచేస్తే వల్సిన్‌కి మంట. చర్చిలో పక్కవాళ్ళు లెజీమ్‌కి చోటిస్తే మంట. అతను గేడాన్ పందేల్లో గాల్లోకి విసిరిన మట్టి పళ్ళేల్ని ఒక్కటి తప్పకుండా కాల్చాడని తెలిసిన రోజైతే వల్సిన్‌కి అన్నం సయించలేదు. తుపాకీ ఉన్నవాడికి తుపాకీ ఉంది, ఇంక గరిటె కూడా కావాలా వీడికి అని జుల్మే మీద విసుక్కున్నాడు. ఆ మనిషి నీ గరిటె అడిగాడా అని జుల్మే అడిగింది. అడగలేదు. కానీ అక్టోబరులో ఓ ఆదివారం చర్చి మెట్ల మీద తెయోజెన్ అందరూ వినేలా, ఈ ఏడు మన అల్లుడి చేతి బాతుల గంబో తిందాం, వల్సిన్‌కి కాస్త విశ్రాంతి అన్నాడు. లెజీమ్ గాభరాపడి, బావ ఉండగా నేనెందుకు అని వెనక్కి తగ్గాడు. అంతమందిలో వల్సిన్ ఏమనగలడు? నవ్వుతూ లెజీమ్ వీపు తట్టి, నువ్వే వండు బావా అన్నాడు.

విశ్రాంతట. గరిటె లేని వల్సిన్ ఎవరు? గోడ మీది కొయ్యబాతుని కాల్చినవాడు. ఇక మీదట ఆ ఇంట్లో తన కథ అదొక్కటే మిగులుతుందని అతనికి బాగా తెలుసు, ఆ దిగులుతోనే నిద్రలేని రాత్రులు గడిపాడు.

వేట రోజు రానే వచ్చింది. ఈసారి తెయోజెన్, లెజీమ్, వల్సిన్ ముగ్గురే ముందు రోజు పడవలో వేట ఇంటికి వెళ్ళి, తెల్లవారకముందే రెల్లుతో కట్టిన మాటులో కూర్చున్నారు. వెలుతురు రాగానే పచ్చతల బాతులు, చిన్న సర్సెల్ బాతులు గుంపులుగా దిగాయి. వరి మళ్ళలో మేసి కొవ్వెక్కిన పిట్టలు. తెయోజెన్ కొట్టాడు, లెజీమ్ అంతకన్నా ఎక్కువ కొట్టాడు. వల్సిన్ ఎప్పటిలాగే గాలిని కొట్టాడు. చివరికి ఎండ ముదిరి, అందరూ లేవబోతుండగా, సరస్సు వైపునుంచి ఒంటరి పిట్ట ఒకటి బాణంలా ఎత్తున పోతోంది. వల్సిన్ ఆలోచించకుండా తుపాకీ ఎత్తి కాల్చాడు. పిట్ట గాల్లో మడత పడి, రాయిలా వచ్చి మాటు ముందే నీళ్ళలో పడింది. అంత ఎత్తు పిట్టని తాను కూడా కొట్టలేనని లెజీమ్ మనస్ఫూర్తిగా అన్నాడు.

తెయోజెన్ దాన్ని కాలు పట్టి పైకెత్తి పగలబడి నవ్వాడు. అది దోగ్రీ. నల్ల తల, బూడిద వీపు, నీలి ముక్కు. సరస్సు అడుగున ఆల్చిప్పలు మింగి బతికే పిట్ట. దాని కొవ్వు కాస్త తగిలినా కూరంతా బురద వాసన వేస్తుందని చిత్తడిలో పుట్టిన పసివాడికి కూడా తెలుసు. జన్మకో పిట్ట కొట్టావు, అదీ తినడానికి పనికిరానిది దొరికింది, పిల్లికి వెయ్యరా అన్నాడు తెయోజెన్. అలాగే వేస్తానన్నాడు వల్సిన్.

స్తంభాల మీద కట్టిన ఆ కొయ్య ఇంటి కింద, రేవు చెక్కల మీద పిట్టల్ని బాగుచేస్తారు. వంట లెజీమ్‌ది కాబట్టి ఈకలు పీకి, కాల్చి, ముక్కలు కొట్టే పని వల్సిన్‌కి వచ్చింది. ఇన్నేళ్ళూ ఇతరులకి పురమాయించిన పని. పైన లెజీమ్ ఇనప డేగిశాలో రూ తిప్పుతున్నాడు. ఆ వేగిన పిండి వాసన చెక్కల సందుల్లోంచి కిందికి దిగుతోంది. అది బ్రహ్మాండంగా కుదిరిందని వాసనలోనే తెలిసిపోయింది. ఏదైనా తప్పు పడదామన్నా సందు దొరకలేదు. వల్సిన్ కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

తర్వాత దోగ్రీని చేతిలోకి తీసుకున్నాడు. తల, కాళ్ళు, రెక్కలు తీసేసి, ఈకలు పీకితే అది ఏ బాతో దేవుడికి కూడా తెలీదు. మెరక మనిషికి అసలే తెలీదు. ఒక్కటేగా, అనుకున్నాడు. చంపడం లేదుగా ఎవరినీ. కాస్త బురద వాసన వస్తుంది. చిత్తడి పిట్టలకి చిత్తడివాడి చెయ్యే పడాలి అని తెయోజెన్ అంటాడు. తాను పెద్దమనసుతో, పోనీలే బావా, కొత్తగదా, వచ్చే ఏడు నేను చూసుకుంటాలే అంటాడు. అనబోయే ఆ మాట కూడా పెదవుల దాకా తెచ్చుకుని చూసుకున్నాడు. కొవ్వూ చర్మమూ తియ్యకుండా దోగ్రీని నాలుగు ముక్కలు చేసి తక్కిన మాంసంలో కలిపేశాడు.

ఇక్కడే అతని చెయ్యి అతన్ని పట్టిచ్చింది. ముప్పయ్యేళ్ళు వంట చేసిన చెయ్యి కందనకాయని పారేయదు. పిట్ట ఏదైనా సరే, కందనకాయ చీల్చి, లోపలి రాళ్ళూ గింజలూ బోర్లించి, పసుపు తొడుగు ఒలిచి, గిన్నెలో వేస్తుంది. దోగ్రీ కందనకాయని కూడా అలాగే చేసింది. మిగతావాటిలోంచి వరి గింజలు రాలాయి. దీంట్లోంచి నలిగిన ఆల్చిప్పల ముక్కలు తెల్లగా రాలాయి. వల్సిన్ వాటిని చెక్కల మీదికి ఊడ్చేశాడు. మనసంతా పైనున్న డేగిశా మీదే ఉంది మరి.

అప్పుడే ఆడవాళ్ళ పడవ వచ్చింది. వల్సిన్ దోగ్రీని కొట్టిన సంగతి తెయోజెన్ పైనుంచే వాళ్ళకి కేకేసి చెప్పాడు. జుల్మే బంగాళాదుంప సలాడ్ గిన్నె ఓజిత్ చేతికిచ్చి పైకి పంపి, చెక్కలు కడగడానికి బకెట్ అందుకుంది. నీళ్ళు పొయ్యబోతూ ఆగింది. వంగి ఏదో ఏరింది. ఈకేమో అనుకున్నాడు వల్సిన్. అంత ఎత్తున పోయే పిట్టని కొట్టావట కదా, ఎలా కొట్టావు అని జుల్మే అడిగింది. ఏదోలే అన్నాడు. ఎక్కడుందది అని అడిగింది. పిల్లికి వేశానన్నాడు. ఆమె ఇంకేమీ అడగకుండా చెక్కలు కడిగేసింది.

మధ్యాహ్నం బాగా వాలాక భోజనాలకి కూర్చున్నారు. మెనార్ వాళ్ళకి ఓ ఆచారం ఉంది. వండినవాడు గరిటెతో మొదటి కందనకాయ ఏరి, ఆ రోజు మేటి గురికాడి పళ్ళెంలో వెయ్యాలి. ఆ తర్వాతే మిగతావాళ్ళకి వడ్డన. ముప్పయ్యేళ్ళుగా తెయోజెన్‌కో, ఇంకొకరికో వేస్తూ వచ్చాడు వల్సిన్. తన పళ్ళెంలో ఒకరు వెయ్యగా ఎన్నడూ తినలేదు. ఎవరూ చూడకుండా డేగిశాలోంచి తినడం వేరు.

ఈసారి చిక్కొచ్చింది. వండినవాడూ గురికాడూ లెజీమే. నీ పళ్ళెంలో నువ్వే వేసుకో అల్లుడూ అన్నాడు తెయోజెన్. లెజీమ్ సిగ్గుపడి, ముందు అందరూ తినండి, అది తర్వాత చూద్దామని అన్నం మీద గంబో పోస్తూ వెళ్ళాడు. రంగు నిగనిగలాడుతోంది. పైన ఉల్లికాడలు. పొగబెట్టిన సాసేజ్ వాసన ముందు తగిలింది. దాని వెనక, పళ్ళెం ముక్కు దగ్గరికి వచ్చేసరికి, ఇంకో వాసన.

మొదటి ముద్ద తెయోజెన్ నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. రూ బాగా కుదిరింది అన్నాడు, మాంసం మాట ఎత్తలేదు. జుల్మే తలొంచుకుని తింటోంది. లెజీమ్ తన ముద్ద తిని, చెంచా కింద పెట్టాడు. మొహం చెవులదాకా ఎర్రబడింది. ఏదో తప్పు చేశాను, పిట్టలు సరిగా కడగలేదేమో, మా వైపు కోళ్ళే తప్ప ఇవి నాకు తెలీవు, క్షమించండి అన్నాడు. కడిగింది తానని వల్సిన్ చెప్పాలి. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

ఓజిత్ మాత్రం పళ్ళెం ఖాళీ చేసింది. ఖాళీ చేసి, లేచి, డేగిశా దగ్గరికెళ్ళి, ఇంకో పళ్ళెం నిండా పోసుకుంది. కూర్చుని, మొగుడి వైపు చూసి, నాకు బావుంది అని తినసాగింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, ఆపకుండా తింటోంది. లెజీమ్ ఆమె చెయ్యి పట్టుకోబోయాడు, విడిపించుకుని తిన్నది. వల్సిన్ అది చూశాడు. చూసి ఏమనుకున్నాడంటే, ఆ క్షణంలో కూడా, వీడికి ఇది కూడా ఉందే అనుకున్నాడు.

అతను కోరుకున్న మాట తెయోజెన్ నోట అప్పుడే వచ్చింది. పోనీలే అల్లుడూ, చిత్తడి పిట్టలకి చిత్తడివాడి చెయ్యే పడాలి, గరిటె వల్సిన్‌కి ఇచ్చెయ్యి అన్నాడు. లెజీమ్ లేచి గరిటె తుడిచి, రెండు చేతులతో తెచ్చి వల్సిన్ ముందు పెట్టాడు. నీదే బావా ఇది, నేను తీసుకోకుండా ఉండాల్సింది అన్నాడు. ముందుగా సిద్ధం చేసుకున్న పెద్దమనసు మాటలేవీ వల్సిన్‌కి గుర్తు రాలేదు.

అప్పుడు జుల్మే లేచింది. కందనకాయ వెయ్యడం మర్చిపోయారు, అంది. గరిటె అందుకుని డేగిశాలో అటూ ఇటూ కలిపి, ఒకటి ఏరి, తెచ్చి వల్సిన్ పళ్ళెంలో వేసింది.

"ఇవాళ మేటిగురి మా ఆయనది, మామయ్యా. ఒకే ఒక్క పిట్టతో ఇంతమందిని కొట్టాడు."

ఎత్తు పిట్టని కొట్టినందుకు సరదాకి అంటోందనుకుని తెయోజెన్ గట్టిగా నవ్వాడు. లెజీమ్ కూడా, మొహం ఇంకా ఎర్రగానే ఉన్నా, నిజమే, అది గొప్ప దెబ్బ అన్నాడు. అందరూ వల్సిన్ వైపు చూస్తున్నారు. జన్మంతా ఎదురుచూసిన కందనకాయ అది. నోట్లో పెట్టుకున్నాడు. సరస్సు అడుగు బురదంతా నాలిక మీదికి వచ్చింది. నమిలి, మింగి, బావుంది అన్నాడు. జుల్మే ఇంకో గరిటె గంబో కూడా వేసింది. అదీ తిన్నాడు.

భోజనాలయ్యాక వల్సిన్ డేగిశా, గరిటె ఎత్తుకుని రేవులోకి దిగి, ఇసకతో రుద్దడం మొదలుపెట్టాడు. కాసేపటికి జుల్మే వచ్చి పక్కన కూర్చుంది. ఏప్రన్ జేబులోంచి తెల్లటి ఆల్చిప్పల ముక్కలు తీసి, బోర్లించిన మూత మీద పెట్టింది. వల్సిన్ వాటినీ ఆమెనూ చూసి, మళ్ళీ రుద్దాడు. క్షమాపణ చెబుతాడనుకుంది కాబోలు. కానీ కడుపులో ఉన్నదే కదా నోట్లోంచి వచ్చేది.

"ఓజిత్ రెండో పళ్ళెం తిన్నది చూశావా? నోట్లో పెట్టుకోలేనిదాన్ని. నాకోసం ఎవరు తింటారే అలా?"

జుల్మే మూత మీది ముక్కల్ని వేలితో ఒక పక్కకి జరిపింది.

"మన పెళ్ళయిన ఏడు నువ్వు రూ మాడ్చేశావు. బొగ్గు నమిలినట్టుంది. అందరూ చెంచాలు కింద పెట్టేశారు. నీ మొహం ఇదిగో, ఇవాళ లెజీమ్ అన్నయ్య మొహంలా ఉంది. మూడు పళ్ళేలు తిన్నాను. ఇంటికెళ్ళి తెల్లార్లూ కక్కుకున్నాను."

వల్సిన్ చెయ్యి ఆగిపోయింది. ముప్పయ్యేళ్ళు ఊరంతా చెప్పుకున్న కథ. చెప్పిన ప్రతిసారీ ఆమె పక్కనే అల్లిక పని చేసుకుంటూ ఉంది.

"మరి చెప్పలేదేం?"

"ఏం చెప్పను? తర్వాత నేర్చుకున్నావుగా."

మూత మీది చిప్పముక్కల్ని ఆమె నీళ్ళలోకి ఊడ్చేసింది. లేచి పడవలో సామాన్లు సర్దడానికి వెళ్ళిపోయింది. అవి అడుగుకి దిగేదాకా వల్సిన్ చూస్తూ కూర్చున్నాడు. అసూయ పోయిందా అంటే పోలేదు, అది ఒక్క పూటలో పోయే జబ్బు కాదు. కానీ లెజీమ్ ఎర్రబడిన మొహం కళ్ళముందు నుంచి కదల్లేదు. ఆ మొహం తనదే మరి.

గరిటె పట్టుకుని మెట్లెక్కాడు. లెజీమ్ వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు, పక్కన ఓజిత్. లోపల తెయోజెన్ గురక పెడుతున్నాడు. వల్సిన్ వాళ్ళ ముందు నిలబడి, గోడ మీది కొయ్యబాతు వైపు చూస్తూ అన్నాడు.

"గంబోని పాడు చేసింది నీ చెయ్యి కాదు బావా. దోగ్రీని పిల్లికి వెయ్యలేదు నేను. నీ డేగిశాలో వేశాను."

ఓజిత్ తల తిప్పేసుకుంది. ఇక అన్న వైపు చూడలేదు. లెజీమ్ మాత్రం లేచి వల్సిన్ ఎదురుగా నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాడు వల్సిన్, కొట్టినా బావుండుననుకున్నాడు.

"వచ్చే ఏడూ నేనే వండుతాను బావా," అన్నాడు లెజీమ్. "పిట్టల్నీ కందనకాయల్నీ మాత్రం నీ చేతికివ్వను, నేనే బాగుచేసుకుంటాను."

వల్సిన్ తలూపాడు. గరిటె అతని పక్కన బల్ల మీద పెట్టి, మిగిలిన పళ్ళేలు కడగడానికి మళ్ళీ రేవులోకి దిగాడు.